ఆరుగురి కుటుంబానికి అందుబాటు ధరలో ఎండ సెలవు: తలకింత లెక్క నుంచి ఇంటికింత లెక్కకు

మీ ప్రశ్నలోని వివరాలను ముందుగా చెప్పుకుంటాను. జవాబంతా వాటి మీదే నడుస్తుంది. మీ దంపతులిద్దరు, నలుగురు పిల్లలు: పెద్దబ్బాయికి 14 ఏళ్లు, అమ్మాయికి 11, మూడోవాడికి 7, చిన్నపాపకు 22 నెలలు. కుదిరితే మీ అత్తగారు కూడా వస్తారు. ఉత్తర యూరప్‌లోని మబ్బు, వాన వదిలి వచ్చే జూలై ఆఖరులో ఒక వారమో పది రోజులో ఎండ, ఇసుక, వెచ్చని సముద్రం ఉన్న చోట గడపాలని మీ కోరిక. నలుగురి కుటుంబానికి ప్రకటించిన ధరకు మరో సగం కలిపితే ఆరుగురికి సరిపోతుందని ఊహించారు గాని, వయసులతో సహా అందరి వివరాలు నింపేసరికి కొన్ని హోటళ్లు గదులే లేవన్నాయి, మిగిలినవి దాదాపు రెట్టింపు ధర చూపించాయి. ఎక్కడ పొరపాటు చేస్తున్నామని అడిగారు.

మీరు పొరపాటేమీ చేయలేదు. మాకు ఐదుగురు పిల్లలు. పన్నెండు వేసవులుగా ఏడుగురం కలిసి ప్రయాణిస్తున్నాం, మొదటి రెండేళ్లు నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. సెలవుల వ్యాపారం చాలావరకు ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అనే కొలతకు తయారైంది. మామూలు హోటల్ గదిలో ఎంతమంది పడుకోవచ్చో అగ్నిమాపక నిబంధనలు, మంచాల సంఖ్య ముందే నిర్ణయించి ఉంటాయి. ఆ పరిమితి సాధారణంగా మూడు లేదా నాలుగు. మూడో మనిషికి, నాలుగో మనిషికి పిల్లల రాయితీ దొరకడానికి కారణం వాళ్లు అదే గదిలో సర్దుకోవడమే. ఐదో మనిషి వచ్చేసరికి రెండో గది తెరవాలి, ఆ గదిలో మొదటి ఇద్దరూ చిన్నపిల్లలైనా చాలా హోటళ్లు పెద్దల ధరే వేస్తాయి. అందుకని నలుగురి నుంచి ఐదుగురికి వెళ్లేటప్పుడు ధర ఒక్కసారిగా ఎగురుతుంది, ఐదు నుంచి ఆరుకు కొద్దిగానే పెరుగుతుంది, ఆరు నుంచి ఏడుకు బస ఖర్చు కొన్నిసార్లు దాదాపు మారదు. మీ అత్తగారి సంగతి ఇంకా తేలలేదన్నారు కాబట్టి ఇది గమనించండి: రెండు గదులో, పెద్ద ఇల్లో తీసుకున్నాక ఆవిడ రాక వల్ల పెరిగేది ప్రధానంగా ఒక విమాన టికెట్టు. పైగా రెండు గదులు తీసుకుంటే ఒక్కో గదిలో కనీసం ఒక పెద్దమనిషి ఉండాలని చాలా హోటళ్లు పట్టుబడతాయి గనుక, ఆవిడ ఉంటే మీరిద్దరూ చెరో గదిలో పడుకోవలసిన అవస్థ తప్పుతుంది.

ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. పెద్ద కుటుంబం చౌకైన దేశం కోసం వెతికే ముందు, తలకింత అని కాక ఇంటికింత అని ధర పెట్టిన వాటి కోసం వెతకాలి. అద్దె ఇల్లు, క్యాంప్‌సైట్‌లోని మొబైల్ హోమ్ (ముందే కట్టి తెచ్చి ఒకచోట స్థిరంగా నిలిపిన చిన్న ఇల్లు), అద్దె వ్యాను, వంటగది, కారుతో సహా ఎక్కే ఓడ: వీటిలో ఇద్దరున్నా ఆరుగురున్నా ధర అంతే, లేదా చాలా కొద్దిగా మారుతుంది. విమానం సీటు, హోటల్ భోజనం, విహారయాత్ర టికెట్టు తలకింత లెక్కన నడుస్తాయి. మొదటి రకం వీలైనంత పెంచి, రెండో రకం వీలైనంత తగ్గించినప్పుడు మీ బడ్జెట్ ఒక దారికి వస్తుంది. దేశం ఎంపిక ఆ తరువాతి పని. చాలామంది ముందుగా గ్రీసు అనో స్పెయిన్ అనో నిశ్చయించుకుని, ఆ దేశంలో ఆరుగురికి గది కోసం వారాల తరబడి తిరుగుతారు. ముందు కప్పు చూసుకోండి, ఆ కప్పు ఏ ఊళ్లో దొరికితే ఆ ఊరు మీది.

ఇక బస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు మిగిలినా పోయినా ఎక్కువగా ఇక్కడే. మీ వంటి కుటుంబానికి నేను మొదట సూచించేది క్యాంప్‌సైట్‌లలోని మొబైల్ హోమ్. క్యాంప్‌సైట్ అనగానే గుడారాలు, తడి నేల గుర్తొచ్చి కొందరు వెనకడుగు వేస్తారు గాని, ఫ్రాన్సు పశ్చిమ తీరంలోని వాందే, దక్షిణ తీరంలోని లాంగెడాక్, స్పెయిన్‌లోని కోస్టా బ్రావా, వెనిస్ దగ్గరి కావల్లినో, ఇటలీలోని గార్డా సరస్సు ప్రాంతాల్లో ఉన్న పెద్ద క్యాంప్‌సైట్లు నిజానికి చిన్న ఊళ్లలాంటివి. ఈతకొలనులు, నీటి జారుడుబల్లలు, దుకాణం, పిల్లల ఆటస్థలం అన్నీ లోపలే ఉంటాయి. మూడు పడకగదుల మొబైల్ హోమ్‌లో ఆరుగురు, కొన్నింటిలో ఎనిమిది మంది ఉండవచ్చు. వంటగది, స్నానాలగది, బయట నీడనిచ్చే వసారా ఉంటాయి. ధర ఇంటి మొత్తానికి. 14 ఏళ్ల అబ్బాయి, 7 ఏళ్ల పిల్లవాడు తమంతట తాము ఈతకొలను దాకా, ఆటస్థలం దాకా వెళ్లి రావడానికి వీలుండే చోటు పెద్ద కుటుంబానికి ఎంత విశ్రాంతినిస్తుందో అనుభవిస్తేగాని తెలియదు. లోటు ఏమిటంటే గదులు చాలా ఇరుకు, గోడలు పలుచన, కొన్నింటిలో ఏసీ ఉండదు. జూలై ఆఖరులో దక్షిణ యూరప్‌కు వెళ్తూ ఏసీ లేని మొబైల్ హోమ్ తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. చిన్నపాపకు, మీ అత్తగారికి మధ్యాహ్నం వేళ అందులో ఉండటం కష్టం. ఏసీకి విడిగా డబ్బు తీసుకుంటారేమో కూడా అడగండి.

రెండోది అద్దె ఇల్లు లేదా విల్లా. ఇద్దరు ముగ్గురికి విల్లా విలాసమే గాని, ఆరేడుగురికి అది తరచు రెండు హోటల్ గదులకంటే చౌక. సముద్రపు ఒడ్డున కాకుండా ఐదారు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊళ్లో తీసుకుంటే ధర బాగా దిగుతుంది, కాని అప్పుడు కారు తప్పనిసరి అవుతుంది. ఆరుగురికి పట్టే కారు అద్దెతో కలిపి చూస్తే ఆ పొదుపు కొన్నిసార్లు మిగలదు. ఇంటి అద్దెకు పైన శుభ్రపరిచే రుసుము, దుప్పట్లు తువ్వాళ్ల రుసుము, డిపాజిట్ ఉంటాయి. అవన్నీ కలిపిన మొత్తాన్ని రాత్రుల సంఖ్యతో భాగించి చూడండి. ఇంట్లో ఈతకొలను ఉంటే దాని చుట్టూ కంచె, తాళం వేసే గేటు ఉన్నాయా అని అడగడం మీ విషయంలో మొట్టమొదటి ప్రశ్న కావాలి. ఫ్రాన్సులో ఇంటి ఈతకొలనుకు కంచె, మూత, అలారం వంటి రక్షణల్లో ఏదో ఒకటి ఉండాలని చట్టం ఉంది; అన్ని దేశాల్లో అలాంటి నియమం లేదు. అడుగులు వేస్తున్న రెండేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో కంచె లేని కొలనుంటే ఎవరో ఒకరు రోజంతా కాపలా కాయాలి, అది సెలవు అనిపించుకోదు.

మూడోది రెండు పడకగదుల అపార్ట్‌మెంట్. ఇక్కడ ‘ఆరుగురికి’ అన్న మాటను జాగ్రత్తగా చదవండి. రెండు పడకగదుల్లో నలుగురు, హాల్లోని సోఫా కమ్ బెడ్ మీద ఇద్దరు అని దాని అర్థం కావచ్చు. ఇంకా విచారమేమిటంటే ఒకే పడకగది ఉన్న ఇంటిని కూడా కొందరు అలాగే లెక్కవేసి ఐదుగురికి అని రాస్తారు. ఫొటోల్లో మంచాలు లెక్కపెట్టండి. వివరణలో కనిపించే మంచాల సంఖ్యకు ఫొటోల్లోని సంఖ్య సరిపోకపోతే ఉత్తరం రాసి అడగండి. మేము ఒక ఏడాది ఏడుగురికి అని రాసిన అపార్ట్‌మెంట్‌కు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. ఏడో మంచం అంటే బాల్కనీలో మడతపెట్టి ఉంచిన పరుపని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నుంచి మంచాలు లెక్కపెట్టకుండా ఎక్కడా డబ్బు కట్టలేదు.

హోటలే కావాలనుకుంటే రెండు రకాల గదుల మధ్య తేడా తెలుసుకోవాలి. లోపలి నుంచి తలుపు తెరుచుకుని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లగలిగేవి కనెక్టింగ్ గదులు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి కనెక్టింగ్ కావు. వెబ్‌సైట్‌లో ‘కోరిక మేరకు’ అని ఉంటే అది హామీ కాదు, గదులు మిగిలితే ఇస్తారని అర్థం. బుకింగ్ పత్రంలోనే కనెక్టింగ్ గదులు ఖాయమని రాసిచ్చే హోటళ్లు ఉన్నాయి. అలా రాసివ్వని చోట 7 ఏళ్ల పిల్లవాడు మీకు ఆరు గదుల అవతల పడుకోవలసి రావచ్చు. పాపను ఉయ్యాల మంచంలో పడుకోబెడితే గది లెక్కలోకి తీసుకోని హోటళ్లు కొన్ని ఉన్నాయి గాని, రెండేళ్లు నిండితే సాధారణంగా ఆ వెసులుబాటు పోతుంది. అక్కడికే వస్తున్నాను.

మీ పిల్లల వయసుల్లో ఇద్దరివి సరిహద్దు మీద ఉన్నాయి, ఇది చాలా ముఖ్యమైన సంగతి. విమానాల్లో రెండేళ్ల లోపు శిశువు ఒడిలో కూర్చోవచ్చు, చిన్న రుసుముతో వెళ్లవచ్చు. అయితే రెండేళ్లు నిండలేదా అన్నది బుక్ చేసిన రోజున కాదు, ప్రయాణించే రోజున చూస్తారు. వెళ్లేటప్పుడు నిండకపోయినా తిరుగు ప్రయాణానికి నిండితే ఆ తిరుగు విమానంలో సీటు కొనాలి. మీ పాపకు ఇప్పుడే 22 నెలలు కాబట్టి వచ్చే జూలై నాటికి రెండేళ్లు దాటతాయి. ఆరు సీట్ల లెక్కే వేసుకోండి. మీ అమ్మాయికి 12 నిండే తేదీ కూడా చూడండి. పూర్తి సేవల విమాన సంస్థల్లో పిల్లల ధర సాధారణంగా 2 నుంచి 11 ఏళ్ల వరకే. చాలా చౌక విమాన సంస్థల్లో రెండేళ్లు దాటిన పిల్లలకు పెద్దల ధరే పడుతుంది గనుక అక్కడ ఈ తేడా లేదు. హోటళ్లలో పిల్లలంటే ఎన్నేళ్ల లోపు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది: కొన్నింటికి 11, కొన్నింటికి 12, కొన్నింటికి 15. మీ పెద్దబ్బాయి ఒక హోటల్లో పిల్లవాడు, పక్క హోటల్లో పెద్దవాడు. ఒకే వీధిలోని రెండు హోటళ్ల మొత్తం ధరలో కనిపించే పెద్ద తేడాకు కొన్నిసార్లు ఇదొక్కటే కారణం.

ఒక పిల్లవాడి పేరు రాయకుండా బుక్ చేసి, అక్కడికి వెళ్లాక సర్దుకోవచ్చని మీకు ఎవరో సలహా ఇచ్చారన్నారు. దయచేసి అలా చేయకండి. మంట అంటుకున్నప్పుడు లోపల ఎంతమంది ఉన్నారో లెక్క తెలియకపోవడం ఒక ప్రమాదం. రిసెప్షన్‌లో ఆరుగురిని చూసి తాళం ఇవ్వకపోతే అర్ధరాత్రి పిల్లలతో రెండో గది వెతుక్కోవడం ఇంకొకటి. అప్పుడు చెల్లించే ధర ముందుగా మిగిల్చుకున్నదాన్ని మించిపోవచ్చు.

వెతికే పద్ధతిలో రెండు చిట్కాలున్నాయి. పెద్ద బుకింగ్ సైట్లలో ఆరుగురు, ఒక గది అని వెతికితే చాలా బసలు కనిపించకుండా పోతాయి. ఆరుగురు, రెండు గదులు అని వెతికితే ఖరీదైన జోడీలే ముందు వస్తాయి. ముందు ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అని వెతికి ఆ ప్రాంతంలోని బసల పేర్లు రాసుకుని, ఒక్కోదాని సొంత వెబ్‌సైట్‌లో గదుల రకాలు చూడండి. పెద్ద కుటుంబాలకు సరిపడే రెండు మూడు గదులు కొన్ని పాత అపార్ట్‌మెంట్ హోటళ్లలో ఉంటాయి, అవి కొన్నిసార్లు పెద్ద సైట్లకు చేరనే చేరవు. వాటికి ఉత్తరం రాస్తే కొన్నిసార్లు స్వయంగా యజమానే జవాబిస్తాడు, పది రోజులుంటామంటే ధర తగ్గించవచ్చు కూడా.

రెండో చిట్కా విమాన టికెట్లది. ఒకే విమానంలో సీట్లు ధరల అంచెలుగా అమ్ముడవుతాయి. తక్కువ అంచెలో నాలుగు సీట్లే మిగిలి ఉన్నప్పుడు మీరు ఆరు అడిగితే, అనేక బుకింగ్ వ్యవస్థలు ఆరూ దొరికే పై అంచె ధరను ఆరుగురికీ వేస్తాయి. అందువల్ల ముందు ఒక్క సీటుకు ధర చూడండి, తరువాత ఆరింటికి చూడండి. తలసరి ధర మారితే నాలుగు, రెండు అని విడగొట్టి కొంటే మిగులుతుంది. విడగొట్టినప్పుడు ప్రతి బుకింగ్‌లోనూ ఒక పెద్దమనిషి, వారితో చిన్నపిల్లలు ఉండేలా చూసుకోవాలి. విమానం రద్దయినా సమయం మారినా రెండు బుకింగ్‌లను సంస్థ వేర్వేరుగా చూస్తుందన్న సంగతి కూడా మనసులో ఉంచుకోవాలి. బ్యాగుల విషయంలో ఆరుగురికి ఆరు చెక్ ఇన్ బ్యాగులు అక్కర్లేదు. వేసవి బట్టలు తేలిక, బసలో బట్టలు ఉతికే యంత్రం ఉంటే రెండు పెద్ద బ్యాగులతో పది రోజులు గడుస్తాయి. పాప తోపుడుబండిని, కారు సీటును చాలా సంస్థలు ఉచితంగా తీసుకెళ్తాయి. ప్రయాణ దినం శనివారం నుంచి మంగళవారానికో బుధవారానికో మారిస్తే ఒక్కో టికెట్టు మీద తగ్గేది చిన్న మొత్తంలా కనిపించినా, రానుపోను పన్నెండు సీట్ల మీద అది పెద్ద మొత్తమే కావచ్చు.

అందుకే, మీరున్న చోటి నుంచి ఓడలోనో రోడ్డు మీదో సొంత బండితో వెళ్లగలిగితే ఆ దారిని ఒకసారి లెక్కవేసి చూడమంటాను. ఓడ ధరలో పెద్ద భాగం బండికి, క్యాబిన్‌కు. మనుషుల సంఖ్యను బట్టి పెరిగేది తక్కువ. తోపుడుబండి, పాప మంచం, వంట సామాన్లు, బీచి గొడుగులు అన్నీ తీసుకెళ్లవచ్చు, అక్కడ కారు అద్దె అక్కర్లేదు. ఇద్దరికి విమానం చౌక, ఆరుగురికి తరచు బండి చౌక. దారిలో ఒక రాత్రి బస, ఫ్రాన్సు ఇటలీ రహదారుల టోలు, పెట్రోలు కలిపి చూశాకే నిర్ణయించండి.

అద్దె కారు తీసుకునేవారు తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఏడు సీట్ల కారులో మూడో వరుస సీట్లు తెరిస్తే వెనక సామాను పెట్టే చోటు దాదాపు ఉండదు. ఆరుగురు, రెండు పెద్ద బ్యాగులు, తోపుడుబండి అందులో పట్టవు. తొమ్మిది సీట్ల వ్యానును యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చు, కొన్ని విమానాశ్రయాల్లో దాని అద్దె ఏడు సీట్ల కారుకంటే పెద్దగా ఎక్కువ ఉండదు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం 150 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలకు తగిన కారు సీటు ఉండాలి, కొన్ని దేశాలు ఆ హద్దును 135గా పెట్టుకున్నాయి. మీ ముగ్గురు చిన్నపిల్లలకు రోజువారీ అద్దెకు సీట్లు తీసుకుంటే వారంలో కొత్త సీటు ధర అయిపోతుంది, కాబట్టి సొంతవి తీసుకెళ్లండి. విమానాశ్రయం నుంచి బసకు టాక్సీలో వెళ్లాలంటే మామూలు టాక్సీలో నలుగురే. ముందుగా మాట్లాడుకున్న మినీబస్సు రెండు టాక్సీలకంటే చౌకగా వస్తుంది.

కాలం గురించి. గాలి వేడి జూలై ఆఖరుకు శిఖరానికి చేరుతుంది గాని సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. మధ్యధరా సముద్రపు నీరు ఆగస్టులో, సెప్టెంబరు మొదట్లో అన్నిటికంటే వెచ్చగా ఉంటుంది. క్రీట్, సైప్రస్ తీరాల్లో అక్టోబరులో కూడా హాయిగా ఈదవచ్చు. మీ పిల్లల బడి సెప్టెంబరులో తెరుస్తారని రాశారు కాబట్టి జూలై ఆఖరును వదిలి ఆగస్టు చివరి వారానికి మారమని నా సలహా. ఆగస్టు 20 దాటాక చాలా క్యాంప్‌సైట్లలో ధర ఒక మెట్టు దిగుతుంది, నీటి వెచ్చదనం ఏమీ తగ్గదు. ఇటలీలో మాత్రం ఆగస్టు 15న వచ్చే ఫెరాగోస్తో పండుగకు ముందు వెనకల వారాలు ఏడాదిలోకెల్లా రద్దీగా, ఖరీదుగా ఉంటాయి. ఆ రోజుల్లో అటు వెళ్లవద్దు.

ఇక ప్రదేశాలు. మీ పాప వయసుకు లోతు నెమ్మదిగా పెరిగే ఇసుక తీరం కావాలి. ఇటలీలోని ఏడ్రియాటిక్ తీరం, ముఖ్యంగా వెనిస్ చుట్టుపక్కల, సరిగ్గా అలాంటిది. అదే సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న క్రొయేషియాలో నీళ్లు ఇంకా స్వచ్ఛంగా ఉన్నా తీరం ఎక్కువగా రాళ్లమయం, చిన్నపిల్లలకు అనువు కాదు. బల్గేరియా నల్లసముద్ర తీరంలో సన్నీ బీచ్, గోల్డెన్ సాండ్స్ వంటి చోట్ల ఇసుక మెత్తన, భోజనం, బస పశ్చిమ మధ్యధరా తీరాలకంటే చౌక. సీజను మాత్రం చిన్నది, జూన్ నుంచి సెప్టెంబరు మధ్య దాకానే. కుటుంబంతో అయితే సన్నీ బీచ్ నడిబొడ్డున ఉండే రాత్రి సందడికి దూరంగా బస చూసుకోండి. పోర్చుగల్‌లోని ఆల్గార్వ్ అందమైన తీరం, కాని అది అట్లాంటిక్; ఎండ ఎంతున్నా నీళ్లు చల్లగానే ఉంటాయి. కెనరీ దీవులు చలికాలపు ఎండకు సాటిలేనివి, అయితే వేసవి నడుమ ఫుయెర్తెవెంతురా, లాంజరోటేలలో గాలి బలంగా వీస్తుంది. ఏజియన్ సముద్రంలోని సైక్లడీస్ దీవుల్లోనూ జూలై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి ఇసుకను ఎగరగొడుతుంది.

తుర్కియే (టర్కీ)లోని అంటాల్యా తీరం నా ఇంటికింత సూత్రానికి మినహాయింపు, అందుకే విడిగా చెబుతున్నాను. అక్కడ పెద్ద రిసార్టుల్లో ఆల్ ఇన్‌క్లూజివ్ పద్ధతి, అంటే తిండి, పానీయాలు కూడా బస ధరలోనే కలిసి ఉండటం, మామూలు; ఐదారుగురికి సరిపడే కుటుంబ గదులు కట్టిన హోటళ్లు మిగతా చోట్లకంటే ఎక్కువ, పిల్లలకు ఉచిత స్థానాలు కూడా ఇస్తారు. ఆ ఉచిత స్థానాలు సాధారణంగా గదికి ఒకటో రెండో, అవి కూడా అమ్మకం మొదలైన తొలి వారాల్లోనే అయిపోతాయి. వేసవి నడుమ అక్కడ పగటి వేడి 35 డిగ్రీలు దాటడం మామూలే. చిన్నపాప, పెద్దావిడ ఉన్నప్పుడు ఉదయం పదికి ముందు, సాయంత్రం ఐదు తరువాత మాత్రమే బయటకు వెళ్లే సెలవుగా దాన్ని ఊహించుకోవాలి. ఆల్ ఇన్‌క్లూజివ్ లాభమా నష్టమా అంటే, మీ 14 ఏళ్ల అబ్బాయి తిండిని, నలుగురు పిల్లలు రోజంతా అడిగే ఐస్‌క్రీములు, చల్లని పానీయాలను కలిపి లెక్కవేయండి. రోజంతా రిసార్టులోనే ఉండే కుటుంబానికి అది లాభం. రోజూ బయట తిరిగేవారికి, పాపకు విడిగా వండుకునేవారికి వంటగదే లాభం. మేము వంటగదిలో ఉదయం, రాత్రి వండుకుని, మూడు రోజులకోసారి మధ్యాహ్న భోజనం బయట చేసే పద్ధతికి స్థిరపడ్డాం; మధ్యాహ్నం ఇచ్చే నిర్ణీత భోజనం స్పెయిన్‌లో, ఫ్రాన్సులో రాత్రి భోజనంకంటే చాలా చౌక.

విమానం, బస కలిపి అమ్మే ప్యాకేజీ కొనాలా, విడివిడిగా కొనాలా అన్నదానికి ఒక భద్రతా కోణం ఉంది. 2018 జూలై 1 నుంచి అమలులో ఉన్న యూరోపియన్ యూనియన్ నిర్దేశం ప్రకారం ప్యాకేజీ అమ్మిన సంస్థ దివాలా తీస్తే డబ్బు వెనక్కి రావాలి, విదేశంలో ఉన్నవారిని ఇంటికి చేర్చాలి. బ్రిటన్‌లో అటోల్ అనే రక్షణ ఉంది. 2019 సెప్టెంబరులో సెలవుల ప్యాకేజీలు అమ్మే థామస్ కుక్ సంస్థ కూలిపోయినప్పుడు దాదాపు లక్షన్నర మందిని బ్రిటన్‌కు తిరిగి తీసుకురావలసి వచ్చింది. విడివిడిగా కొన్నప్పుడు ఆ భారం మీదే, ఆరుగురికి కొత్త టికెట్లు కొనడమంటే చిన్న మాట కాదు. ధరల తేడా స్వల్పమైతే నేను ప్యాకేజీ వైపే మొగ్గుతాను. బీమాలో కుటుంబ పాలసీ తీసుకుంటే సాధారణంగా పిల్లలందరూ ఒకే ధరలో వస్తారు. మీ అత్తగారికి మాత్రం విడిగా చూడాలి.

మిగిలినవి చిన్న లెక్కలు, కాని ఆరుతో గుణిస్తే చిన్నవి కావు. పర్యాటక పన్ను ఒక్కోచోట ఒక్కో తీరు: స్పెయిన్‌లోని బలియారిక్ దీవుల్లో అది తలకింత, 16 ఏళ్ల లోపు వారికి లేదు, కాబట్టి మీ నలుగురు పిల్లలూ బయటపడతారు, గ్రీసులో గదికింత, కాబట్టి రెండు గదులు తీసుకుంటే రెండుసార్లు కడతారు. మీ పాస్‌పోర్టులు ఏ దేశానివో రాయలేదు. షెన్‌గెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటే పనిచేసే వీసా) అవసరమయ్యేవారైతే 2024 జూన్ నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వారికి లేదు. మీ పెద్దబ్బాయికి పెద్దల రుసుమే, 12 నిండితే మీ అమ్మాయికి కూడా అంతే. షెన్‌గెన్ దేశంలోనే నివాస అనుమతి ఉంటే ఈ ఖర్చు ఉండదు.

చివరి నిమిషంలో ధరలు పడిపోతాయని ఎదురుచూడవద్దు. ఆ లాభం ఇద్దరు మనుషులకు, ఏ గదైనా చాలుననేవారికి. ఆరుగురికి సరిపడే బసలు ప్రతిచోటా తక్కువ, అవే ముందుగా అయిపోతాయి. మేము వచ్చే వేసవి బసను ముందటి శరదృతువులోనే కొద్దిపాటి అడ్వాన్సుతో పట్టుకుంటాం, రద్దు చేసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని మరీ. మీ విషయంలో నేనైతే కావల్లినోలోనో లాంగెడాక్‌లోనో ఏసీ ఉన్న మూడు పడకగదుల మొబైల్ హోమ్‌ను ఆగస్టు 22 తరువాతి పది రోజులకు మొదట అడుగుతాను, అంటాల్యాలో కుటుంబ గదికి రెండో ధర తెప్పించుకుంటాను, రెండింటికీ ప్రయాణ ఖర్చు కలిపి పక్కపక్కన పెట్టి చూస్తాను. డబ్బు కట్టే ముందు యజమానికి రాసే ఉత్తరంలో ఈ నాలుగు సంగతులకు రాతపూర్వకంగా జవాబు అడగండి: ఏ గదిలో ఎన్ని మంచాలున్నాయి, మీ అత్తగారు ఏడో మనిషిగా చేరితే అభ్యంతరమా, ఏసీ అన్ని పడకగదుల్లోనూ ఉందా, చెప్పిన ధరకు పైన అక్కడికి వచ్చాక ఇంకేమైనా కట్టాలా. ఆ జవాబులు, రెండు ధరలు ఇక్కడ పెడితే మీతో పాటు కూర్చుని లెక్క చూస్తాను.